రాష్ట్రపతి అభ్యర్థిని తూచడం: మితవాద పక్షాల అనుభవం (1967–1979)

భారత రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. ప్రజలు ఎన్నుకున్నవారు ఎన్నుకుంటారు. అయినప్పటికీ ఆ ఎన్నిక సమీపించిన ప్రతిసారీ ఏ పక్షం ఎవరిని నిలబెడుతుంది, ఎవరి పేరు ముందుకు వచ్చింది, ఎవరి పేరు వెనక్కు పోయింది అనే చర్చ ఊరూరా సాగుతుంది. ఆ చర్చలో సాధారణంగా వినిపించే ప్రశ్నలు రెండే: అభ్యర్థి మనవాడా, కాడా? గెలుస్తాడా, గెలవడా? మూడవ ప్రశ్న మరొకటి ఉన్నది. ఏ విలువను కాపాడతాడని ఒక వ్యక్తిని ఎంచుకున్నారో, ఆ విలువ ఆ ఎంపిక వల్ల నిజంగా నిలిచిందా? ఈ ప్రశ్న వేసేవారు తక్కువ.

ఈ మూడవ ప్రశ్నను పరిశీలించడానికి 1967 నుంచి 1979 వరకు గల పన్నెండేళ్ళ చరిత్ర ఎంతో ఉపకరిస్తుంది. ఆ కాలంలో మితవాద పక్షాలు రాష్ట్రపతి పదవికి తగిన వ్యక్తి కోసం మాటిమాటికీ వెదికాయి. వారు ఎంచుకున్నవారిలోనూ, వారిని ఎదిరించినవారిలోనూ తెలుగువారు ప్రముఖంగా ఉన్నారు. 1967లో కోకా సుబ్బారావు, 1969లో నీలం సంజీవరెడ్డి, వి.వి.గిరి. సుబ్బారావును ఎదుర్కొని గెలిచిన డాక్టర్ జాకిర్ హుసేన్ కూడా పుట్టుకచేత హైదరాబాదీయే. కనుక ఇది ఢిల్లీ చరిత్ర మాత్రమే కాదు. ఈ ప్రాంతపు చరిత్ర కూడా.

ఓటు, దాని తూకం

మొదట ఎన్నిక పద్ధతిని క్లుప్తంగా చెప్పుకోవాలి. రాజ్యాంగం 54, 55 అధికరణాల ప్రకారం పార్లమెంటు ఉభయసభలకు ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభలకు ఎన్నికైన సభ్యులు రాష్ట్రపతిని ఎన్నుకుంటారు. నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. రాష్ట్ర జనాభాను శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదానిని మళ్ళీ వేయితో భాగిస్తే ఒక శాసనసభ్యుని ఓటు విలువ తేలుతుంది. 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభా 3,59,83,447. 1967లో శాసనసభ్యులు 287 మంది. కనుక ఒక్కొక్కరి ఓటు విలువ 125. అదే ఉత్తరప్రదేశ్ సభ్యుని ఓటు విలువ 174. పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576.

ఓటరు అభ్యర్థులకు తన ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని వరుస సంఖ్యలు ఇస్తాడు. ఎవరికీ మొదటి లెక్కలో సగానికి మించి రాకపోతే, అందరికంటె వెనుకబడినవారిని ఒక్కొక్కరిగా తొలగించి, వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యం పొందినవారికి చేరుస్తారు. ఓటు రహస్యం. పార్టీ విప్ ఇందులో చెల్లదు. అంటే ఇది సభ్యుని చేతిలో ఉన్న అమానత్. లెక్క అడిగే పార్టీ లేదు, చూసే కన్ను లేదు.

వరంగల్లు పాఠకులకు ఒక స్థానిక ఉదాహరణ తోడ్పడుతుంది. 1967లో ఈ జిల్లాలోని పరకాల నుంచి భారతీయ జనసంఘ్ తరఫున చందుపట్ల జంగారెడ్డి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ తరువాత 1984లో హనుమకొండ లోక్‌సభ స్థానంలో పి.వి.నరసింహారావును ఓడించినవారు ఆయనే. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో జనసంఘ్ సభ్యులు అప్పుడు వేళ్ళమీద లెక్కించదగినంతమంది మాత్రమే. స్వతంత్ర పార్టీకి 29 మంది ఉన్నారు. కాంగ్రెసుకు 165 మంది. పరకాల సభ్యుని ఓటు విలువ కూడా, అధికార పక్షంలోని మంత్రి ఓటు విలువ కూడా అదే 125. రాష్ట్రపతి ఎన్నికలో చిన్న పక్షానికి గల గౌరవం ఇదే.

‘మితవాది’ అనే మాట

అనువాదకులను ఇబ్బంది పెట్టే మాటలలో ఇది ఒకటి. 1907 సూరత్ కాంగ్రెసు చీలిక నాడు గోఖలే వర్గాన్ని మితవాదులనీ, తిలక్ వర్గాన్ని అతివాదులనీ తెలుగు పత్రికలు పిలిచాయి. అక్కడ ‘మిత’ అంటే ఉద్యమ పద్ధతిలో నిదానం. స్వాతంత్ర్యం తరువాత అదే మాటను ఆర్థిక, సామాజిక మార్పులను వ్యతిరేకించే పక్షాలకు వాడడం అలవాటైంది. ఉర్దూలో ‘ఖదామత్ పసంద్’ అంటారు. పాతదానిని ఇష్టపడేవాడు అని అర్థం. తెలుగులో ‘సంప్రదాయవాది’ అన్నా, నిందగా ‘ఛాందసుడు’ అన్నా, ఆ భావంలో కొంత భాగమే వస్తుంది.

ఒకే మాట కింద 1967లో మూడు వేర్వేరు ధోరణులు నిలబడి ఉన్నాయి. మొదటిది స్వతంత్ర పార్టీ. 1959లో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయ తీర్మానం చేసిన తరువాత, దానిని ఎదిరిస్తూ రాజాజీ, ఆచార్య ఎన్.జి.రంగా, మినూ మసానీ తదితరులు స్థాపించిన పక్షం ఇది. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన రంగాగారే దాని తొలి అధ్యక్షులు. ప్రభుత్వ జోక్యం తగ్గాలి, రైతు భూమి రైతుకే ఉండాలి, ఆస్తి హక్కు నిలవాలి అన్నది దాని వాదం. రెండవది జనసంఘ్, దాని దృష్టి సంస్కృతి మీద, జాతీయత మీద. మూడవది కాంగ్రెసు లోపలి పెద్దల వర్గం. పత్రికలు దానికి ‘సిండికేట్’ అని పేరు పెట్టాయి. సంస్థ మీద పట్టు, పాత పద్ధతుల మీద నమ్మకం దాని లక్షణాలు. ఈ ముగ్గురూ కాపాడదలచినది ఒకటి కాదు. అభ్యర్థిని ఎంచుకోవలసి వచ్చినప్పుడల్లా ఈ తేడా పైకి తేలింది.

1967: న్యాయపీఠం నుంచి ఎన్నికల బరిలోకి

1967 ఫిబ్రవరి సాధారణ ఎన్నికలలో లోక్‌సభలో కాంగ్రెసు బలం 283కు తగ్గింది. స్వతంత్ర పార్టీ 44 స్థానాలతో ప్రతిపక్షాలలో పెద్దదైంది. జనసంఘ్‌కు 35 వచ్చాయి. మద్రాసు, కేరళ, ఒరిస్సా, పశ్చిమ బెంగాల్, బీహారు, పంజాబు రాష్ట్రాలలో కాంగ్రెసేతర ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెసు అభ్యర్థి ఓడిపోవచ్చునన్న ఆలోచన గణతంత్రంలో మొదటిసారి నమ్మదగినదిగా కనిపించింది.

కాంగ్రెసు పక్షాన రెండు పేర్లు వినిపించాయి. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు రెండవసారి అవకాశమివ్వాలని కామరాజ్ అభిప్రాయం. ఉపరాష్ట్రపతి జాకిర్ హుసేన్‌ను నిలపాలని ఇందిరాగాంధీ అభిప్రాయం. రాధాకృష్ణన్ తప్పుకోవడంతో జాకిర్ హుసేన్ పేరు ఖాయమైంది.

ప్రతిపక్షాలకు కావలసింది పార్టీ రంగు లేని వ్యక్తి, దేశమంతా గౌరవించే వ్యక్తి. స్వతంత్ర పార్టీ చొరవతో వారు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావును ఒప్పించారు. ఆయన 1902లో రాజమండ్రిలో జన్మించారు. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఏప్రిల్ 11న, పదవీ విరమణకు మూడు నెలలు మిగిలి ఉండగా, రాజీనామా చేసి ఎన్నికలో నిలబడ్డారు.

స్వతంత్ర పార్టీకి ఆయన ఎందుకు నచ్చారో తెలుసుకోవాలంటే ఆరు వారాలు వెనక్కు వెళ్ళాలి. ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురికి అయిదుగురి చొప్పున తీర్పు చెప్పింది. పంజాబులో అయిదువందల ఎకరాలకు మించి భూమి ఉన్న ఒక కుటుంబం భూపరిమితి చట్టాన్ని సవాలు చేసిన కేసు అది. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం, రాజ్యాంగ సవరణ ద్వారానైనా సరే, పార్లమెంటుకు లేదని సుబ్బారావు నాయకత్వంలోని మెజారిటీ తీర్పు. ఆనాడు ఆస్తి హక్కు ప్రాథమిక హక్కులలో ఒకటి. కనుక ఆస్తి హక్కుకు ఆయన పెట్టనికోట అనిపించడం సహజమే.

వరంగల్లు ప్రాంతంలో ‘ఆస్తి హక్కు’ అనే మాట ఒకే అర్థంతో వినిపించదు. 1946–51 నాటి సాయుధ పోరాటం జనగామ తాలూకాలోని దేశ్‌ముఖుల వేల ఎకరాల భూములకు ఎదురుగా లేచింది. అక్కడి కౌలుదారుకు ఆస్తి హక్కు అంటే దొర భూమికి చట్టం కాపలా. రెండెకరాల పట్టా ఉన్న చిన్నరైతుకు అదే మాట తన పట్టాకు కాపలా. గోలక్‌నాథ్ తీర్పు ఈ ఇద్దరికీ చెరొక విధంగా అర్థమైంది. స్వతంత్ర పార్టీ రెండవ అర్థాన్ని చెప్పింది. వామపక్షాలు మొదటి అర్థాన్ని చెప్పాయి.

న్యాయమూర్తిగా సుబ్బారావు చేసిన పని ఆస్తి హక్కుతో ముగియదు. 1962లో ఖరక్‌సింగ్ కేసు వచ్చింది. దోపిడీ కేసులో పట్టుబడి, సాక్ష్యం లేక విడుదలైన ఒక మనిషి ఇంటిపై ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పెట్టారు; రాత్రివేళల తలుపు తట్టారు. రాత్రి సోదాలు మాత్రమే చెల్లవని మెజారిటీ అన్నది. మొత్తం నిఘాయే చెల్లదు, ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో భాగం అని సుబ్బారావు అల్పసంఖ్యాక తీర్పులో రాశారు. 1967 ఏప్రిల్ 10న, అంటే రాజీనామాకు ముందురోజు, పాస్‌పోర్టు ఇవ్వడం ప్రభుత్వ దయ కాదని, విదేశానికి వెళ్ళే స్వేచ్ఛ వ్యక్తి స్వేచ్ఛలో భాగమని మెజారిటీ తీర్పు ఇచ్చారు. అభ్యర్థిని తూచినవారు ఈ తీర్పులకంటె గోలక్‌నాథ్ తీర్పునే ఎక్కువగా చూశారు.

ఆయన నిలబడడంపై మరొక ఆక్షేపణ వచ్చింది. ప్రభుత్వానికి వ్యతిరేకంగా పెద్ద తీర్పు చెప్పిన ఆరు వారాలకే ప్రధాన న్యాయమూర్తి ప్రతిపక్ష అభ్యర్థి అయితే, ఆ తీర్పును ప్రజలు ఏ కంటితో చూస్తారు? న్యాయవాద వర్గాలలోనే ఈ విమర్శ వినిపించింది. ఇస్లామీయ న్యాయ చరిత్ర చదివినవారికి ఈ సందేహం కొత్తది కాదు. ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి ఇవ్వజూపితే ఇమామ్ అబూ హనీఫా నిరాకరించి చెరసాలను అనుభవించారన్న వృత్తాంతం ప్రసిద్ధం. అధికారానికి, న్యాయానికి మధ్య దూరం ఉండాలన్న ఆదుర్దా రెండుచోట్లా ఒకటే. సుబ్బారావు పక్షాన చెప్పదగిన సమాధానం కూడా ఉన్నది: రాజ్యాంగం దీనిని నిషేధించలేదు, ఆయన పదవిలో ఉండగా పోటీ చేయలేదు, తన పదవిని వదులుకొని వచ్చారు. అయితే చట్టం అనుమతించినదల్లా ఔచిత్యం కాదన్నది కూడా నిజమే.

జాకిర్ హుసేన్: మతం ప్రశ్న

ఎదుటి అభ్యర్థి జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ అక్కడ న్యాయవాది. తండ్రి మరణించాక కుటుంబం ఉత్తరాదిన ఖాయంగంజ్‌కు తిరిగి వెళ్ళింది. 1920లో జామియా మిల్లియా స్థాపనలో పాలుపంచుకొని, బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొంది, 1926 నుంచి 1948 వరకు జామియాను స్వల్ప జీతంతో నడిపారు. ఆ తరువాత అలీగఢ్ వైస్‌ఛాన్సలర్, బీహారు గవర్నరు, ఉపరాష్ట్రపతి అయ్యారు. ప్లేటో ‘రిపబ్లిక్’ను ఉర్దూలోకి అనువదించారు. రాజ్యాన్ని ఎవరు పాలించాలన్న ప్రశ్నతో యౌవనంలోనే తలపడినవాడు రాజ్యాధినేత పదవికి అభ్యర్థి కావడం విశేషమే.

దేశ విభజన జరిగి ఇరవై ఏళ్ళు. ముస్లిం ఒకరు రాష్ట్రపతి కావచ్చునా అన్న ప్రశ్న ఎన్నికలో వినిపించింది. రాజ్యాంగం 58వ అధికరణంలోని అర్హతలు మూడు: భారత పౌరసత్వం, 35 ఏళ్ళ వయస్సు, లోక్‌సభకు ఎన్నికయ్యే అర్హత. మతం ప్రసక్తి అందులో లేదు. అయినా చట్టంలో లేని అర్హతలు మనస్సులలో ఉంటాయి.

ఇక్కడ న్యాయదృష్టితో ఒక విషయం చెప్పాలి. సుబ్బారావు వెనుక నిలిచినవారందరినీ మతదృష్టి కలవారని అనడం సరికాదు. అదే రోజున జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థి అలీగఢ్ చరిత్రకారుడు ప్రొఫెసర్ ముహమ్మద్ హబీబ్. ఘజ్నీ మహమూద్ దండయాత్రలను మతసేవగా అంగీకరించక, నిర్మొహమాటంగా విమర్శించిన పండితుడాయన. ఆయనపై కాంగ్రెసు నిలిపింది బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి.గిరిని. అంటే ఒకే రోజున ఒకచోట తెలుగువాడు ముస్లింను ఎదుర్కొన్నాడు, మరొకచోట ముస్లిం తెలుగువాణ్ణి ఎదుర్కొన్నాడు. పక్షాలు మాత్రం తారుమారు. గిరికి 483 ఓట్లు, హబీబ్‌కు 193 ఓట్లు వచ్చాయి.

మే 6న పోలింగు, మే 9న లెక్కింపు. జాకిర్ హుసేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971. తేడా 1,07,273. కాంగ్రెసుకు ఉన్న ఆధిక్యం స్వల్పమేనని ముందు వేసిన అంచనాలకు ఇది చాలా మించినది. రహస్య ఓటులో మనిషి తన లోపలి మాట చెబుతాడంటారు. 1967లో ఆ లోపలి మాట భయపడినంత చెడ్డది కాలేదు. మే 13న ప్రమాణ స్వీకారం చేసిన జాకిర్ హుసేన్, దేశమంతా తన ఇల్లు, ప్రజలందరూ తన కుటుంబం అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆ ఇంట ఆయన రెండేళ్ళే ఉన్నారు. 1969 మే 3న పదవిలో ఉండగానే మరణించారు.

1969: చీలిన మితవాదం

ఖాళీ అయిన స్థానానికి జూలైలో బెంగుళూరులో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు కూర్చున్నది. ఇందిరాగాంధీ జగ్జీవన్‌రామ్ పేరు సూచించారు. సిండికేట్ పెద్దలు మెజారిటీతో లోక్‌సభ స్పీకరు నీలం సంజీవరెడ్డి పేరు ఖాయం చేశారు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి, 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై జూలై 19న సంతకం చేసి, మరునాడు రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. ప్రధాన న్యాయమూర్తి ముహమ్మద్ హిదాయతుల్లా అయిదు వారాలు రాష్ట్రపతి బాధ్యతలు నిర్వహించారు. ‘అంతరాత్మ ప్రబోధం’ మేరకు ఓటు వేయండని ప్రధానమంత్రి కాంగ్రెసు సభ్యులకు చెప్పారు. ఆ మాట అప్పటినుంచి తెలుగు రాజకీయ భాషలో స్థిరపడిపోయింది.

స్వతంత్ర, జనసంఘ్ పక్షాల ముందు రెండు దారులున్నాయి. సంజీవరెడ్డి తమకు ఇష్టమైనవారే. మొదటి ప్రాధాన్యమే ఆయనకు ఇవ్వవచ్చు. లేదా తమ సొంత అభ్యర్థిని నిలిపి, రెండవ ప్రాధాన్యం ఆయనకు ఇవ్వవచ్చు. వారు రెండవ దారి పట్టారు. రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నరు, 1950–56లో ఆర్థికమంత్రి అయిన సి.డి.దేశ్‌ముఖ్‌ను నిలిపారు. వ్యక్తిగా ఆయనలో వంక పెట్టదగినది లేదు. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప ఈ పక్షాల నాయకులను కలిసి రెండవ ప్రాధాన్యం అడిగారు. ఆ భేటీయే ఎదుటి వర్గం చేతికి ఆయుధమైంది: సిండికేట్ మితవాద పక్షాలతో కుమ్మక్కయిందన్న ప్రచారానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేకపోయింది.

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్యం: గిరి 4,01,515, సంజీవరెడ్డి 3,13,548, దేశ్‌ముఖ్ 1,12,769. గెలవడానికి కావలసినవి 4,18,169. దేశ్‌ముఖ్‌తో సహా మిగిలినవారి ఓట్లు చేర్చిన తరువాత గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. అంటే చేరిన ఓట్లలో 91,879 సంజీవరెడ్డికి, 18,562 గిరికి వెళ్ళాయి. చివరి తేడా 14,650. పదమూడు మంది పార్లమెంటు సభ్యులు అటునుంచి ఇటు మారి ఉంటే ఫలితమే మారేది. ఇంత సన్నని తేడాలో, మూడు మితవాద ధోరణులు ఒకే పేరు మీద మొదటినుంచీ నిలబడకపోవడం ఎంత ఖరీదైనదో పాఠకులే ఊహించవచ్చు. ఆ నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలిపోయింది.

ఆ వేసవిలో వరంగల్లు పరిస్థితి వేరు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా సాగుతున్నది. ఇక్కడ సంజీవరెడ్డి పేరు మితవాదమా, సమతావాదమా అన్న లెక్కలో వినిపించలేదు. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం ముఖ్యమంత్రి ఆంధ్ర ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణవారు కావాలి. ఆ నవంబరులో సంజీవరెడ్డి ఏర్పరచిన తొలి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి లేరు. ఆ పదవిని ఆయన ఆరవ వేలితో పోల్చారన్న మాట ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. 1971 లోక్‌సభ ఎన్నికలలో వరంగల్లు ప్రజలు తెలంగాణ ప్రజాసమితి అభ్యర్థి ఎస్.బి.గిరిని గెలిపించారు. ఢిల్లీ తక్కెడలో ఒక బరువు, వరంగల్లు తక్కెడలో మరొక బరువు: అభ్యర్థి ఒకడే.

1977–79: ఎంపిక, ఫలితం

1974 ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థి వామపక్షానికి చెందిన త్రిదిబ్ చౌధురి. కనుక అది ఈ పరిశీలనకు చెందదు. 1977 మార్చిలో జనతా పార్టీ అధికారంలోకి వచ్చింది. జనసంఘ్, పాత కాంగ్రెసు వర్గం, భారతీయ లోక్‌దళ్ ద్వారా స్వతంత్ర పార్టీ శేషం, అన్నీ అందులో ఉన్నాయి. మూడు మితవాద ధోరణులూ తొలిసారి ఒకే కప్పు కిందికి, సోషలిస్టులతోపాటు, చేరాయి. రాష్ట్రపతి పదవికి మొరార్జీదేశాయి మొదట నృత్య కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్‌ను కోరారు; ఆమె అంగీకరించలేదు. చివరకు సంజీవరెడ్డి పేరు అందరికీ ఆమోదమైంది. ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాలలో జనతా గెలిచినది నంద్యాల ఒక్కటే. ఆ ఒక్క సభ్యుడు ఆయనే. నామినేషన్లు 37 దాఖలు కాగా 36 తిరస్కరించబడ్డాయి. ఎనిమిదేళ్ళ కిందట 14,650 తేడాతో ఓడినవాడు ఒక్క ఓటూ పడకుండానే రాష్ట్రపతి అయ్యాడు.

ఇప్పుడు మొదట అడిగిన మూడవ ప్రశ్నకు రావాలి. 1967లో సుబ్బారావును ఎంచుకున్నది ప్రధానంగా ఆస్తి హక్కు నిలవాలని. ఆ హక్కు ఏమైంది? గోలక్‌నాథ్ తీర్పును దాటడానికి 1971లో 24వ రాజ్యాంగ సవరణ వచ్చింది. రాజ్యాంగ సవరణ బిల్లుకు రాష్ట్రపతి సమ్మతి ఇచ్చి తీరాలని ఆ సవరణలోనే రాశారు. 1973 కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చి, మౌలిక స్వరూపం అనే కొత్త హద్దు గీసింది. చివరకు 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించి 300ఎ అధికరణంలో సాధారణ హక్కుగా ఉంచింది. ఆ సవరణ తెచ్చినది వామపక్ష ప్రభుత్వం కాదు. జనసంఘ్, స్వతంత్ర వారసులున్న జనతా ప్రభుత్వం. 1979 ఏప్రిల్ 30న దానికి సమ్మతి ఇచ్చిన రాష్ట్రపతి, 1969లో ఆ పక్షాలు రెండవ ప్రాధాన్యమిచ్చిన సంజీవరెడ్డి. 24వ సవరణ తరువాత ఆయనకు కాదనే దారి కూడా లేదు.

సుబ్బారావు 1976లో మరణించారు. ఆయన తీర్పులలో నేడు చెల్లుబాటవుతున్నది ఏది? 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకాంత హక్కును ప్రాథమిక హక్కుగా ప్రకటిస్తూ, ఖరక్‌సింగ్ కేసులో ఆయన రాసిన అల్పసంఖ్యాక అభిప్రాయమే సరైనదని స్వీకరించింది. ఏ తీర్పు కోసం ఆయనను అభ్యర్థిని చేశారో అది పోయింది. ఒక అనామకుని తలుపు మీద పోలీసు చేయి పడకూడదని రాసిన నాలుగు పుటలు నిలిచాయి.

మతం ప్రశ్న కూడా ఇలాగే మలుపు తిరిగింది. 2002లో జనసంఘ్ వారసురాలైన భారతీయ జనతా పార్టీ నాయకత్వంలోని కూటమి అభ్యర్థిని వెదికింది. పి.సి.అలెగ్జాండర్, ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేసిన కృష్ణకాంత్ పేర్లు పరిశీలనకు వచ్చాయి. చివరకు ఎ.పి.జె.అబ్దుల్ కలామ్‌ను నిలిపింది. కాంగ్రెసు కూడా బలపరచింది. వామపక్షాల అభ్యర్థి లక్ష్మీ సెహగల్‌కు 1,07,366, కలామ్‌కు 9,22,884 వచ్చాయి. ఆ సంవత్సరమే గుజరాత్‌లో జరిగిన హింసాకాండ నేపథ్యంలో ఈ ఎంపికను కొందరు ప్రాయశ్చిత్తమన్నారు, కొందరు ముసుగు అన్నారు. ఏ ఉద్దేశంతో ఎంచుకున్నా, పదవిలో ఆయన సంపాదించుకున్న ప్రజాభిమానం ఎంచుకున్నవారి లెక్కలకు లోబడలేదు.

తక్కెడ

హిజ్రీ 23లో, అనగా క్రీ.శ. 644లో, గాయపడి మరణశయ్యపై ఉన్న హజ్రత్ ఉమర్ (ర) తన తరువాతి నాయకుని నిర్ణయించడానికి ఆరుగురి షూరాను ఏర్పరచారు: ఉస్మాన్, అలీ, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, సఅద్, జుబైర్, తల్హా (ర.అ). తన కుమారుడు అబ్దుల్లాను సలహాకు మాత్రమే పిలవాలి, అభ్యర్థిగా కాదు అన్నారు. అబ్దుర్రహ్మాన్ మొదట తన పేరు తీసివేసుకున్నారు. ఆ తరువాతే మిగిలినవారిని తూచే పని చేపట్టి, మదీనా ప్రజలను అడిగి తెలుసుకున్నారు. ఆనాటి పరిస్థితి వేరు, నేటి రాజ్యాంగం వేరు. ఈ పోలికను దూరం లాగకూడదు. కాని అందులోని ఒక నియమం ఏ కాలానికైనా పనికివస్తుంది: తూచేవాని చేయి తక్కెడ మీద ఉండకూడదు.

1969లో సిండికేట్ చేయి తక్కెడ మీద ఉన్నది, ప్రధానమంత్రి చేయి కూడా ఉన్నది. 1967లో స్వతంత్ర పార్టీ నిజాయితీగానే తూచింది. కాని ఒక తీర్పునే తూకపురాయిగా పెట్టుకున్నది. మనిషిలోని తక్కిన బరువు లెక్కలోకి రాలేదు.

ఈ పన్నెండేళ్ళు నేర్పేది ఇది. రాష్ట్రపతి పదవికి ఒక పేరు వినబడినప్పుడు ఆ వ్యక్తి ఏ పక్షంవాడు, ఏ ప్రాంతంవాడు, ఏ మతంవాడు అని అడగడం సులభం. తనకు లాభం లేనిచోట, మెజారిటీ తనతో లేనిచోట, ఎదుట ఉన్నవాడు దిక్కులేనివాడైనచోట, ఆయన ఏమి రాశాడు, ఏమి చేశాడు అని అడగడం కష్టం. ఎంచుకున్న పక్షం రేపు తన మాట మార్చుకోవచ్చు, 1979లో మార్చుకున్నది. వరంగల్లు ఓటరుకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటు లేదు గాని, ఓటు ఉన్నవారు ఆయన పంపినవారే. ఆ ఎన్నిక వచ్చేనాటికి శాసనసభ్యుని ఇంటి ముందు ఈ రెండవ ప్రశ్న అడగగలిగితే, అతని చేతిలోని అమానత్‌ను అతనికి గుర్తు చేసినట్లే.